ఎవరి కారురా అది?



గత భాగంలో చెప్పుల గురించి రాశాను. కాళ్ళకి చెప్పులేసుకుని ఊరి నడివీధిలో నడవడానికి మన తాతలు ఎన్ని దెబ్బలు తిన్నారో మాట్లాడుకున్నాం. ఈసారి కారు గురించి రాస్తానంటే మన పిల్లలు నవ్వారు. "అన్నా, మీకు కారు పిచ్చి ఉందని తెలుసు గానీ, దాన్ని కూడా ఉద్యమంలో కలిపేస్తారా?" అన్నాడొక తమ్ముడు.

పిచ్చి ఉన్న మాట నిజమే. దాచుకోను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండగా పాత పేపర్లలో వచ్చే కార్ల ప్రకటనలు కత్తిరించి, లెక్కల నోటుబుక్కు వెనక అన్నం మెతుకులతో అంటించుకునేవాణ్ణి. రోడ్డు మీద బండి పోతుంటే కళ్ళు మూసుకుని చప్పుడును బట్టి చెప్పేవాణ్ణి, ఇది అంబాసిడర్, ఇది ఫియట్, ఇది మహీంద్రా జీపు అని. ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టకపోతే సెకండ్ హ్యాండ్ కార్ల ధరలు చూస్తూ కూర్చుంటాను. కొనేదేమీ ఉండదు. ఊరికే చూస్తాను.

ఈ పిచ్చి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే నా చిన్నతనం దగ్గర ఆగలేదు. 1893 దాకా పోయింది. అందుకే రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మన పల్లె నుంచే మొదలుపెడదాం. కారు రాకముందు ఊళ్ళో దర్జా అంటే గూడుబండి. ఎద్దుల మెడలో గజ్జెల పట్టెడలు, తోలే వాడి చేతిలో చెర్నాకోల. ఆ పట్టెడ ఎవరు కుట్టారు? ఆ చెర్నాకోల ఎవరు అల్లారు? మోటబావి దగ్గర కపిలబాన ఎవరు చేశారు? మా మాదిగపల్లెలోనే కదా. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, తంగేడు చెక్కతో ఊనబెట్టి, ఆ కంపులో బతికి మా ముత్తాతలు చేసిన సామాను అది. బండి సామాను మాది, బండి వాళ్ళది. కుట్టిన చేతికి ఆ బండి ఎక్కి కూర్చునే యోగం మాత్రం లేదు. బండి ఎదురొస్తే పక్కకి తప్పుకుని నిలబడాలి.

ఎందుకని? బండి ఎక్కినవాడు నేల మీద నిలబడ్డవాడి కంటే ఎత్తులో ఉంటాడు. మన దేశంలో ఎత్తుకి కులం ఉంది. మంచం మీద కూర్చోవడం, అరుగెక్కడం, గుర్రమెక్కడం, బండెక్కడం, అన్నిటికీ ఉంది. ఇది అర్థమైతే అయ్యంకాళి ఎడ్లబండి కథ అర్థమవుతుంది.

తిరువాన్కూరు సంస్థానంలో, ఇప్పటి తిరువనంతపురం దగ్గర వెంగనూరులో 1863లో పుట్టినవాడు అయ్యంకాళి. పులయ కులం. పులయలు పెద్ద దారుల్లో నడవకూడదు, మంచి బట్ట కట్టకూడదు, వాళ్ళ పిల్లలు బడికి పోకూడదు. 1893లో ఆయన ఒక విల్లుబండి కొన్నాడు. పెద్దోళ్ళు ఎక్కి తిరిగే రకం బండి అది. శుభ్రమైన బట్టలు కట్టి, తలపాగా చుట్టి, ఆ బండెక్కి పులయలకు నిషేధించిన రాజమార్గం మీద తోలుకుంటూ పోయాడు. అడ్డం వచ్చినవాళ్ళకు ఎదురు నిలబడ్డాడు. ఆ తరువాతి కాలంలో జనాన్ని వెంటేసుకుని అదే దారుల్లో నడిచాడు, కొట్లాటలు జరిగాయి, నెత్తుర్లు కారాయి. 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టాడు. పిల్లల్ని బడిలో చేర్చుకోకపోతే మీ పొలాల్లో దిగం అని కూలీల చేత పని మాన్పించాడు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆయన పోరాటం అర్జీతో మొదలవలేదు, సభతో మొదలవలేదు. ఒక బండి కొనడంతో మొదలైంది. చేతిలో ఉన్న డబ్బు పెట్టి దర్జా బండి కొన్నాడు. ఇవాళ మన కుర్రాడెవడైనా ఆ పని చేస్తే ఏమంటాం? "వీడికి షోకులెక్కువ" అంటాం. అయ్యంకాళి షోకే కేరళలో మనవాళ్ళ పోరాటానికి మొదటి మెట్లలో ఒకటి.

సరిగ్గా ఎనిమిదేళ్ళ తర్వాత, 1901. సతారా నుంచి నలుగురు పిల్లలు రైలెక్కారు. వాళ్ళ నాన్న కోరేగావ్‌లో క్యాషియరు ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవులకి రమ్మన్నాడు. కొత్త చొక్కాలు, తళుకుల టోపీలు, పట్టంచు ధోవతులు. జన్మలో మొదటిసారి రైలు ఎక్కుతున్న సంబరం. మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. వాళ్ళ బట్టలు చూసి స్టేషన్ మాస్టరు దయగా పలకరించాడు, ఎవరి పిల్లలని అడిగాడు. "మేం మహర్లం" అని ఒక పిల్లవాడు ఉన్నమాట చెప్పేశాడు. ఆయన మొహం మారిపోయింది. స్టేషన్ బయట ఎడ్లబండ్లు చాలానే ఉన్నాయి. ఒక్క బండివాడూ ఎక్కించుకోనన్నాడు. చివరికి బేరం ఎలా కుదిరిందంటే, కిరాయి రెట్టింపు ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు.

అందులో ఒక పిల్లవాడికి అప్పటికి తొమ్మిది పదేళ్ళు. పేరు భీమ్‌రావు.

ఆ దృశ్యం ఒకసారి కళ్ళ ముందు పెట్టుకోండి. బండి సొంతదారు నేల మీద నడుస్తున్నాడు. అంటరాని పిల్లలు పైన కూర్చుని ఎద్దుల్ని తోలుతున్నారు. బయటినుంచి చూసేవాడికి ఎవరు యజమాని, ఎవరు కూలీ అనిపిస్తుంది? అయినా తెల్లారేదాకా ఆ పిల్లలకి దారిలో గుక్కెడు నీళ్ళు దొరకలేదు. తినడానికి తెచ్చుకున్నది ఉంది, తాగడానికి లేదు. డబ్బు రెట్టింపు ఇచ్చారు, పైన కూర్చున్నారు, పగ్గాలు పట్టారు. దాహం మాత్రం తీరలేదు. బండి సంగతిలో మన చరిత్ర చెప్పే మొదటి పాఠం ఇదే. ఎక్కి కూర్చున్నంత మాత్రాన కులం దిగిపోదు.

రెండో పాఠం 1929 అక్టోబరులో వచ్చింది. అప్పటికి ఆ పిల్లవాడు డాక్టర్ అంబేద్కర్. కొలంబియాలో చదివాడు, లండన్లో డి.ఎస్సీ. పట్టా, బారిస్టరు, బొంబాయి శాసన మండలి సభ్యుడు. అంటరానివాళ్ళ కష్టాలు విచారించడానికి ప్రభుత్వం వేసిన కమిటీలో కూడా సభ్యుడు. ఆ పనిమీద ధూలియా వెళ్ళి తిరిగొస్తూ చాలిస్‌గావ్‌లో దిగాడు. మహర్‌వాడ జనం ఒక్కరాత్రి మా దగ్గర ఉండమని బతిమాలారు. స్టేషన్ నుంచి వాడకి టాంగాలో పోవాలి. గంటసేపు కూర్చోబెట్టి, చివరికి టాంగా తెచ్చారు. ఎక్కాడు. కొంచెం దూరం పోగానే టాంగా ఎదురొచ్చిన మోటారుకారును గుద్దబోయింది. పోలీసువాడి కేకతో తప్పింది. ఇంకొంచెం పోయాక వాగు మీద వంతెన దగ్గర చక్రం రాయికి తగిలింది. ఆయన ఎగిరి రాళ్ళ మీద పడ్డాడు, కాలు విరిగింది. గుర్రమూ బండీ వాగులో పడిపోయాయి.

తర్వాత తెలిసింది అసలు సంగతి. అంటరానివాణ్ణి కూర్చోబెట్టుకుని తోలమని టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. మన నాయకుడు నడిచి రావడమేమిటని వాడ జనానికి మనసొప్పలేదు. మధ్యేమార్గంగా ఒకడు టాంగా కిరాయికిచ్చాడు, తాను మాత్రం తోలనన్నాడు. దాంతో వాడలోనే ఒకాయన పగ్గాలు పట్టాడు. ఆయన అంతకుముందెన్నడూ టాంగా తోలి ఎరగడు.

ఈ సంఘటన బాబాసాహెబే రాసుకున్నారు. చదివిన ప్రతిసారీ నాకు రెండు విషయాలు గుచ్చుకుంటాయి. ఒకటి, ఆ తోలినాయన. ప్రేమతో, గౌరవంతో తోలాడు పాపం. కానీ పని రాదు. వాహనం నడిపే పని మన చేతికి ఎన్నడూ రానివ్వలేదు, అందుకే రాదు. గౌరవం దక్కించుకోవాలంటే ఆవేశం ఒక్కటే చాలదు, పని కూడా చేతికి రావాలి. రెండోది, టాంగావాడు. రోజు కిరాయి మీద బతికే పేదవాడు. ముందు కూర్చునేది బారిస్టరైనా సరే, తానే ఎక్కువ అనుకున్నాడు.

"కారులో తిరిగేవాడికి ఇంకా రిజర్వేషన్ ఎందుకు?" అని అడిగేవాళ్ళకి జవాబు చాలిస్‌గావ్‌లోనే ఉంది. డబ్బు, చదువు, పదవి మూడూ ఉన్న మనిషికి టాంగా దొరికింది, తోలేవాడు దొరకలేదు. అది డబ్బు లేకపోవడం వల్ల వచ్చిన కష్టం కాదు కదా!

ఇప్పుడు మా ఇంటికి రండి.

స్వతంత్రం వచ్చాక ముప్పై ఏళ్ళకు పైగా మన దేశంలో కార్లంటే ప్రధానంగా మూడు కంపెనీలే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1957లో బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ మొదలుపెట్టారు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దాని తల్లి. బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళు ఫియట్ చేసేవాళ్ళు, తర్వాత దానికే పద్మిని అని పేరు పెట్టారు. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు చేతిలో ఉన్నా పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. కాబట్టి ఊరికో అంబాసిడర్ ఉంటే గొప్ప.

మా ఊళ్ళో పొగాకు పండించే ఒక పెద్దాయనకి ఉండేది. మా నాయన ఆయన దగ్గర డ్రైవరు. లారీ మీద క్లీనరుగా తిరిగి పని నేర్చుకున్నాడు. అంబాసిడర్‌కి అప్పట్లో గేరు కింద కాదు, స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్లలాగా. నాయన ఎడమచేత్తో గేరు మారుస్తుంటే చప్పుడు వినపడేది కాదని చెప్పుకునేవాళ్ళు. పొద్దున్నే బండి తుడిచి, రేడియేటర్లో నీళ్ళు పోసి, చల్లటి రోజుల్లో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాడు. పెద్దాయన్ని గుంటూరు, ఒంగోలు తిప్పేవాడు. వాళ్ళింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళకి ఆయనే తోలాడు, వాళ్ళ కాన్పులకి అర్ధరాత్రి ఆస్పత్రికి ఆయనే తోలాడు.

ఆయన గ్లాసు మాత్రం షెడ్డు చూరులో ఉండేది. తాగి, కడిగి, మళ్ళీ చూరులోనే పెట్టాలి.

చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. నాయన పట్టుకున్న స్టీరింగే వాళ్ళబ్బాయి కూడా పట్టుకునేవాడు. నాయన తుడిచిన సీటు మీదే అందరూ కూర్చునేవాళ్ళు. స్టీరింగ్‌కి అంటు లేదు, గ్లాసుకి ఉంది. పెద్దయ్యాక తెలిసింది, అంటరానితనానికి దాని లెక్క దానికి ఉంటుంది. నీ చేతి పని తీసుకుంటుంది, నీ నోరు తాకింది తీసుకోదు. చాలిస్‌గావ్‌లో మన మనిషిని కూర్చోబెట్టుకుని తోలడానికి ఎవరూ రాలేదు. యాభై ఏళ్ళకి వాళ్ళని కూర్చోబెట్టుకుని తోలడానికి మన మనిషి కావాల్సి వచ్చాడు. బండిలో స్థలం మారింది గానీ మనిషి స్థానం మారలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్ల ఇంజను, 796 సీసీ. ఒక తరం మధ్యతరగతికి సొంత కారనే మాటను అదే తెచ్చింది. మనవాళ్ళు దాని దాకా రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. నాకు ఉద్యోగం వచ్చి, చెల్లి పెళ్ళి అప్పు తీరి, ఒక పాత మారుతి కొన్నాను. తెల్లది. ముందు ఎడమ తలుపు కొంచెం సొట్ట. కొన్నరోజే ఊరికి తోలుకుపోయాను.

పల్లె సందులో కారు పట్టదు. మన పల్లెల్లో సందులు బండి వస్తుందని వేసినవి కావు. అందుకని మెయిన్ రోడ్డు మీద, ఊరి మొదట్లో రావిచెట్టు కింద ఆపాను. తాళం వేస్తుంటే అరుగు మీద కూర్చున్న ఒకాయన అడిగాడు.

"ఎవరి కారురా అది? ఎవరి దగ్గర చేస్తున్నావు?"

కోపంతో అడగలేదు. ఎగతాళీ చేయలేదు. మామూలుగా, కుశలం అడిగినట్టు అడిగాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఫలానావాడి కొడుకు కారు తాళం పట్టుకున్నాడంటే డ్రైవరే అయి ఉంటాడు. సొంతదారు అయి ఉండొచ్చన్న ఊహే ఆయన బుర్రలో పుట్టలేదు. "నాదేనండీ" అన్నాను. ఆ "అండీ" ఎందుకన్నానా అని ఇప్పటికీ నా మీద నాకు కోపం.

ఇంటికొచ్చి చెబితే నాయన ఏమీ అనలేదు. కండువా భుజాన వేసుకుని రోడ్డు మీదకొచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ ఎత్తమన్నాడు. స్టార్ట్ చేయమని చెవి పెట్టి విన్నాడు. "టాపెట్ చప్పుడొస్తంది. చూపించు" అన్నాడు. అంతే, మెచ్చుకోలు లేదు, కన్నీళ్ళు లేవు. నేను వెనక తలుపు తెరిచాను. ఇన్నేళ్ళు ఎవరెవర్నో వెనక కూర్చోబెట్టుకుని తిప్పాడు, ఇవాళ తను వెనక కూర్చోవాలి, నేను తోలాలి అని నా ఆశ. నాయన ఆ తలుపు వేసేసి ముందుకొచ్చి కూర్చున్నాడు.

"ఎనక కూర్చుంటే రోడ్డు కనపడదురా" అన్నాడు.

అరుగు ముందు నుంచే తోలుకుంటూ పోయాం. దారి పొడుగునా క్లచ్ మీద కాలు పెట్టొద్దని తిడుతూనే ఉన్నాడు.

ఈ మధ్య కాలంలోకి వద్దాం. ఇదంతా పాతకథ, ఇప్పుడెవడు అడ్డుకుంటున్నాడు అనే పిల్లలకి ఒక చట్టం చూపిస్తాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బహిరంగ ప్రదేశాల్లో మనవాళ్ళు సైకిలు గానీ మోటారుసైకిలు గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరం అని అందులో రాశారు. చెప్పులు, కొత్తబట్టలు వేసుకోకుండా అడ్డుకోవడం నేరం. పెళ్ళి ఊరేగింపులో గుర్రం గానీ వేరే ఏ వాహనం గానీ ఎక్కనివ్వకపోవడం నేరం. జరగని దానికి ఎవరైనా చట్టం చేస్తారా? అయ్యంకాళి బండెక్కిన నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా, సైకిలెక్కే హక్కును ఈ దేశం పార్లమెంటులో రాసుకోవాల్సి వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కారు, జీపు, వ్యాను ఏదో ఒకటి ఉన్న ఇళ్ళు నూటికి 4.7. అన్ని కులాలూ కలిపి! అందులో మన వాటా ఎంతుంటుందో మీరే ఊహించండి. అయినా ఒక్క దళితుడి కారు కనపడితే చాలు, కోటిమంది దళితులకి కార్లున్నట్టు మాట్లాడతారు. తెలంగాణలో 2021లో దళితబంధు వచ్చినప్పుడూ ఇదే చూశాం. కుటుంబానికి 10 లక్షలు. చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరుకు బళ్ళు ఎంచుకున్నారు. "డబ్బిస్తే కార్లు కొనుక్కున్నారు" అని వెక్కిరించారు. ఆ పథకంలో లోపాలు ఎన్నున్నాయో వేరే మాట్లాడుకుందాం. కానీ ఇన్నేళ్ళూ ఒకడి బండి తోలినవాడు తన బండి తాను తోలుకోవాలనుకుంటే అందులో నవ్వడానికేముంది?

2008లో టాటావాళ్ళు లక్ష రూపాయల కారని నానో తెచ్చారు. పదేళ్ళకి ఆగిపోయింది. ఒక కారు పిచ్చోడిగా చెబుతున్నా, బండిగా అది మరీ తీసిపారేసేది కాదు. మొదట్లో కొన్నిటికి మంటలు అంటుకోవడం లాంటి కారణాలూ ఉన్నాయి. కానీ "అన్నిటికంటే చౌక కారు" అన్న ముద్ర దాన్ని ఎక్కువగా దెబ్బతీసింది. ఈ దేశంలో కారు కొనేవాడు నాలుగు చక్రాలతోపాటు తాను ఇక తక్కువవాణ్ణి కాదనే మాట కూడా కొనుక్కుంటాడు. అందరూ అలాగే కొనుక్కుంటారు. మనల్ని మాత్రమే షోకులోళ్ళంటారు.

అలాగని కారు కొంటే విముక్తి వస్తుందని నేను చెప్పను. అద్దాలెత్తుకుని పల్లె పక్కనుంచి సర్రున దాటిపోయే మనవాళ్ళను నేనెరుగుదును. 1956లో ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్ళ మీద బాధపడింది ఇందుకే. అయ్యంకాళి బండి ఒక్కడి కోసం కదలలేదు, దాని వెనక జనం నడవడానికి దారి పడింది. మన కారు వెనక ఏం పడుతోంది? దుమ్మా, దారా? ఈ ప్రశ్న మీకే కాదు, నాకూను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కారు కల కనండి. సిగ్గుపడకండి. డ్రైవింగ్ నేర్చుకోండి, ముఖ్యంగా ఆడపిల్లలు. చాలిస్‌గావ్‌లో మన చేతికి రాని పని అది. బానెట్ ఎత్తి లోపల ఏముందో తెలుసుకోండి. బండి కొన్నాక వెనక సీటు ఖాళీగా ఉంచకండి. ఆస్పత్రికి పోవాల్సిన ముసలమ్మో, పరీక్షకి పోవాల్సిన పిల్లో మీ పల్లెలో ఎప్పుడూ ఉంటారు.

ఇంకొక్క పని. మీ పల్లెలో మొట్టమొదటి సైకిలు ఎవరు కొన్నారు? ఊరి మధ్యనుంచి తొక్కుకుంటూ పోయిందెవరు? దిగి నడిపించుకుపొమ్మన్నదెవరు? దిగనన్నదెవరు? మీ తాతనీ నానమ్మనీ అడిగి రాయండి. పేర్లతో సహా రాసి పెట్టుకోండి. ఆ మొదటి సైకిలు తొక్కినవాళ్ళు ఏ పుస్తకంలోనూ లేరు. వాళ్ళు పోతే వాళ్ళతోపాటే ఈ చరిత్రా పోతుంది.

మా నాయన ఇప్పుడు లేడు. ఆ మారుతి కూడా అమ్మేశాను. ఇప్పుడున్న కారుకి టాపెట్ చప్పుడు రాదు. కానీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఒక్క క్షణం చెవి పెట్టి వింటాను.

వచ్చే భాగంలో బస్సులో సీటు గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.